లా చదువు: సీటు లెక్క, స్కాలర్‌షిప్ లెక్క
(ఉత్తర తెలంగాణ దళిత విద్యార్థుల కోసం)

మన జిల్లాల ప్రజలకు కోర్టు కొత్త కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పటి నుంచి కరీంనగర్ పల్లెల్లో వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులరిగిన కుటుంబాలు ఎన్నో. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలినయి. 2017 జులైలో సిరిసిల్ల పక్కన నేరెళ్లలో ఇసుక లారీలు తగలబడ్డ కేసులో దళిత యువకులను పట్టుకపోయి కొట్టిన సంగతి హైకోర్టు దాకా పోయింది. ఇన్నేండ్లుగా మనోళ్లు కోర్టును చూసింది బోనులో నిలబడి, లేకుంటే ఆవరణలో చెట్టుకింద కూసుండి. నల్లకోటు వేసుకొని జడ్జి ముందర నిలబడ్డ మనోళ్లు మాత్రం తక్కువ.

అందుకే ఈ మధ్య హాస్టళ్లలో, డిగ్రీ కాలేజీల్లో లా చదువుతమనే పిల్లలు కనబడితే మాకు సంతోషం. వాళ్లు అడిగేవి ఎక్కువగా రెండే ప్రశ్నలు. "నా ర్యాంకుకు సీటు వస్తదా సార్?" "వస్తే పైసలెట్ల?" ఈ రెండింటికీ తెలిసినంత వరకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ఇవి రెండు ప్రశ్నలు కావు, ఒక్కటే. ఏ కాలేజీలో, ఏ కోటాలో సీటు వచ్చిందన్న దాన్ని బట్టే స్కాలర్‌షిప్ వస్తుంది. స్కాలర్‌షిప్ సంగతి తెలుసుకోకుండా సీటు తీసుకుంటే రెండో ఏడు చదువు ఆగిపోతుంది. సీటు రాలేదని బాధపడేవాళ్లను అందరూ ఓదారుస్తారు. సీటు వచ్చీ చదువు ఆపినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

రెండు దారులు

లా చదువుకు మన పిల్లలకు ముఖ్యంగా రెండు దారులున్నయి. ఒకటి రాష్ట్రం పెట్టే లాసెట్. ఇంటర్ పాసైతే అయిదేళ్ల కోర్సు, డిగ్రీ పాసైతే మూడేళ్ల కోర్సు. రెండోది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టే క్లాట్. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలో ఉన్న నల్సార్ ఈ కోవలోదే. 1998లో చట్టం ద్వారా ఏర్పడింది.

లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రశ్నాపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులో, ఉర్దూలో కూడా ఉంటుంది. మిగతావాళ్లకు 35 శాతం, అంటే 42 మార్కులు వస్తేనే ర్యాంకు. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. డిగ్రీలోనో ఇంటర్‌లోనో జనరల్ వాళ్లకు 45 శాతం ఉండాలె, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. వయోపరిమితి లేదు. పెండ్లయి, పిల్లలు పుట్టి, మళ్లీ చదువుదామనుకునే ఆడవాళ్లకు ఇది పెద్ద అవకాశం.

క్లాట్‌లో కూడా 120 ప్రశ్నలే, కాని రెండు గంటలు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. 2020 నుంచి పెద్ద పెద్ద పేరాలిచ్చి చదివి జవాబు రాయమంటున్నరు. ఒక్క తప్పుకు పావు మార్కు పోతుంది. దరఖాస్తు రుసుం ఎస్సీ, ఎస్టీలకే 3,500 రూపాయలు. లాసెట్‌కు 2025లో మనకు 600. ఈ తేడాలోనే ఎవరి కోసం ఏ పరీక్ష తయారైందో అర్థమైతది. తెలుగు మీడియంలో, గురుకులంలో చదివిన పిల్లకు తెలివి తక్కువై క్లాట్ రాకపోవడం కాదు. ఆ పరీక్ష కొలిచేదే మొదట ఇంగ్లీషు చదివే వేగాన్ని. ఈ సంగతి గమనించే షమ్నాద్ బషీర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2010లో ఇడియా అనే సంస్థ మొదలుపెట్టినారు. బీద పిల్లలను ఎంపిక చేసి క్లాట్‌కు తయారు చేసే పని అది. ఆయన 2019లో చనిపోయినారు.

మేమిచ్చే సలహా ఒకటి. ఇంటర్ మొదటి ఏడులో ఉన్నవాళ్లకు వ్యవధి ఉంది కాబట్టి క్లాట్‌కు తయారు కావచ్చు. ఇంటర్ అయిపోవచ్చినవాళ్లు క్లాట్ రాసినా లాసెట్‌ను వదలొద్దు. క్లాట్ ఇప్పుడు డిసెంబరులో పెడుతున్నరు, లాసెట్ ఆ తర్వాత కొన్ని నెలలకు. రెండూ రాయవచ్చు. డిగ్రీ అయినవాళ్లకైతే మూడేళ్ల కోర్సుకు లాసెట్టే దారి.

సీటు లెక్క ఎట్ల వేసుకోవాలె

పిల్లలు చేసే మొదటి తప్పు రాష్ట్ర ర్యాంకు చూసి గుండె చెదరడం. మూడు వేల ర్యాంకు వచ్చిందనుకుందాం. ముందర మూడు వేల మంది ఉన్నరు కదా, మనకేం వస్తదని కౌన్సెలింగ్‌కే పోరు. చూడవలసింది ఆ మూడు వేలలో మన కేటగిరీ వాళ్లెంత మంది ఉన్నరు, మన కేటగిరీకి సీట్లెన్ని ఉన్నయన్నది.

60 సీట్ల సెక్షన్ తీసుకుందాం. ఎస్సీలకు 15 శాతం అంటే 9 సీట్లు. 2022 నుంచి తెలంగాణలో ఎస్టీలకు 10 శాతం, అంటే 6 సీట్లు. ఈ 9 సీట్లే మనవి అనుకోవడం రెండో తప్పు. మంచి ర్యాంకు వచ్చిన దళిత విద్యార్థికి ఓపెన్ కోటాలోనే సీటు ఇవ్వాలె. ఆ సీటును 9లో కలపకూడదు. ఇది 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు నుంచి స్థిరపడ్డ సూత్రం. ఎక్కడన్నా ఓపెన్‌లో రావలసినవాళ్లను రిజర్వుడు సీటులో కూసోబెడితే వెనుక ఉన్న మన పిల్లొకరి సీటు పోయినట్టే.

ఇప్పుడు ఇంకొక లెక్క కూడా వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం షెడ్యూల్డ్ కులాలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. 2004లో ఇదే కోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసింది. ఇరవై ఏండ్ల తర్వాత ఆ మాట మారింది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 ఇచ్చినారు. మాదిగలు రెండో గ్రూపులో, మాలలు మూడో గ్రూపులో ఉన్నరు. మన ఆదిలాబాద్ వైపు ఎక్కువగా ఉండే మాంగ్‌లు మొదటి గ్రూపులో, నేతకానివాళ్లు, మహార్‌లు మూడో గ్రూపులో వస్తరు. వర్గీకరణ మీద దళితుల్లో భిన్నాభిప్రాయాలున్నయి, ఆ చర్చ ఇక్కడ చేయడం లేదు. సీటు లెక్క వరకు చూస్తే రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలె. ఒకటి, 60 సీట్లలో 9 శాతం అంటే అయిదు చిల్లర, 5 శాతం అంటే మూడు, 1 శాతం అంటే ఒక్క సీటు కూడా నిండదు. కాబట్టి ఒక్క కాలేజీని చూసి లెక్క వేయొద్దు, అన్ని కాలేజీల సీట్లు కలిపి చూడాలె. రెండు, నిరుడు మొన్నటి ర్యాంకులు చెప్పి "ఎస్సీలకు ఇంత ర్యాంకు దాకా వచ్చింది" అనే మాట 2025కు ముందుదైతే పనికిరాదు. అప్పుడు ఎస్సీలంతా ఒక్క వరుస, ఇప్పుడు మూడు వరుసలు. మన గ్రూపులో ఆఖరు సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో కనుక్కోవాలె. కుల ధ్రువపత్రంలో గ్రూపు సరిగా రాసి ఉన్నదా అన్నది కౌన్సెలింగ్ నాటికి కాదు, పరీక్ష ఫారం నింపేనాడే చూసుకోవాలె.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు యూనివర్సిటీ కాలేజీలను ముందు పెట్టమని మా మాట. ఉస్మానియా సరే, మనకు దగ్గర్లో హనుమకొండ సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజి ఉంది, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ లా కాలేజి ఉంది. ఫీజు తక్కువ, లైబ్రరీ ఉంటుంది, హాస్టల్ దొరికే అవకాశం ఉంటుంది. ఇంటికి దగ్గరని ప్రైవేటు కాలేజీని ముందు పెట్టి, తర్వాత ఫీజు కట్టలేక బాధపడేవాళ్లున్నరు.

ఇంకొక గుంత ఉంది. బొగ్గుబావుల్లో కాంట్రాక్టు పని చేస్తూ, బీడీలు చుడుతూ, గల్ఫ్ పోయొచ్చి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లు మనలో చాలామంది. పది, ఇంటర్ చదివి ఆ తర్వాత ఓపెన్‌లో డిగ్రీ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. పది, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లను మాత్రం బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు లా కోర్సుకు ఒప్పుకోవు. బడి దొరకనివాళ్ల కోసమే పెట్టిన చదువును పట్టుకొని బడికి పోలేదు కాబట్టి నువ్వు అనర్హుడివి అనడం అన్యాయమే. కాని ఈ సంగతి ముందే తెలిస్తే ఫీజు కట్టి మోసపోయే బాధ తప్పుతది.

స్కాలర్‌షిప్ లెక్క

స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు. అంబేద్కర్ 1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడు కాగానే అంటరాని కులాల ఇబ్బందులపై ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చినారు. దాని ఫలితంగా 1944లో షెడ్యూల్డ్ కులాల పై చదువులకు కేంద్ర స్కాలర్‌షిప్ మొదలైంది. ఇప్పటి పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం అదే. స్కాలర్‌షిప్ ఆగితే ఏమైతదో ఆయనకు స్వయంగా తెలుసు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద అమెరికా పోయినారు. అక్కడి నుంచి లండన్ వచ్చి చదువు మొదలుపెట్టగానే స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, మిత్రుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్లీ పోయి బారిస్టరు అయినారు. అంతటివాడికే మూడేండ్లు ఆగింది. ఇంటికాడ ఎకరం భూమి లేని పిల్లగాడు ఒకసారి ఆగితే మళ్లీ పోతడా?

ఇప్పటి నిబంధనలు చూద్దాం. కేంద్రం 2021 మార్గదర్శకాల ప్రకారం పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటొద్దు. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. దీంట్లో రెండు భాగాలున్నయి. ఒకటి కాలేజీకి చెందే ట్యూషన్ ఫీజు, రెండోది విద్యార్థి బతుకు ఖర్చు. ఎల్ఎల్‌బి రెండో గ్రూపు కోర్సు. హాస్టల్‌లో ఉండే విద్యార్థికి ఏటా 9,500, ఇంటి నుంచి వచ్చేవాళ్లకు 6,500. పన్నెండు నెలలకు పంచితే హాస్టల్ విద్యార్థికి నెలకు 800 కూడా పడదు.

హనుమకొండలో రూము తీసుకొని వండుకుంటే నెలకు అయిదు వేలవుతదనుకుందాం. ఏడాదికి 60 వేలు. స్కాలర్‌షిప్ 9,500. మిగతా యాభై వేలు ఎవరియ్యాలె? బీడీలు చేసే తల్లి. అందుకే మేము చెప్పేది, స్కాలర్‌షిప్ కంటె సంక్షేమ హాస్టల్ సీటు పెద్దది. 2024 నవంబరు నుంచి ఇంటర్ మొదలు పీజీ దాకా హాస్టల్ విద్యార్థుల మెస్ చార్జీలను రాష్ట్ర ప్రభుత్వం నెలకు 1,500 నుంచి 2,100కు పెంచింది. అది కూడా చాలదు, కాని రూము అద్దె, కరెంటు, గ్యాసు తప్పుతయి. లా కాలేజీలో చేరిన రోజే పోస్టుమెట్రిక్ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలె. హాస్టల్ దొరికే ఊళ్లో రెండో రకం కాలేజీ, హాస్టల్ లేని ఊళ్లో మొదటి రకం కాలేజీ కంటె మేలు కావచ్చు. ఈ మాట చెప్పడం మాకు కష్టంగానే ఉంది, కాని నిజం అదే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకు రాదు. "మీరు చేరండి, స్కాలర్‌షిప్ మేము చూసుకుంటం" అని చెప్పే ఏజెంట్ల మాట నమ్మొద్దు. కన్వీనర్ కోటా అలాట్‌మెంట్ కాగితం చేతిలో ఉంటేనే స్కాలర్‌షిప్ లెక్క మొదలైతది. పూర్తికాలం ఉద్యోగం చేసేవాళ్లకు ఈ పథకం వర్తించదు. హాజరు 75 శాతం ఉండాలె. పొలం పనికి, కూలికి పోయి హాజరు పోగొట్టుకుంటే కూలి రెండు వేలు వస్తది, ఏడాది స్కాలర్‌షిప్ పోతది.

ఇగ అసలు బాధ బకాయిలు. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్‌కు దిగినయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య తగాదా అయితే నలిగేది విద్యార్థి. కోర్సు అయిపోయినా "ఫీజు రాలేదు, నువ్వు కట్టి మెమోలు తీసుకపో" అంటరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొని ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడే సర్టిఫికెట్లన్నిటికీ నకళ్లు తీసుకోవాలె. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగాలె. ఇబ్బంది వస్తే జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి అధికారికి రాతమూలకంగా ఇవ్వాలె, సోమవారం ప్రజావాణిలో కలెక్టరు ముందర పెట్టాలె. నోటితో చెప్పిన ఫిర్యాదుకు సాక్ష్యం ఉండదు. లా చదివేవాళ్లకు ఇది మొదటి పాఠం.

క్లాట్ ద్వారా జాతీయ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే లెక్క వేరు. అక్కడ ఏడాది ఖర్చు రెండు లక్షలు దాటుతుంది. ఆ అంకె చూసి సీటు వదులుకోవద్దు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే టాప్ క్లాస్ విద్యా పథకం ఉంది. ఆదాయ పరిమితి 8 లక్షలు. పథకం జాబితాలో ఉన్న సంస్థలో సీటు వస్తే ట్యూషన్ ఫీజు వాళ్లు కడతరు, దానికి తోడు మొదటి ఏడు 86,000, తర్వాత ఏటా 41,000 బతుకు ఖర్చుకు, పుస్తకాలకు, కంప్యూటర్‌కు ఇస్తరు. అయితే ప్రతి సంస్థకు ఇన్ని అని లెక్క ఉంటుంది, అడిగిన అందరికీ రాదు. కాబట్టి చేరకముందే రెండు ప్రశ్నలు అడగాలె. మీ సంస్థ జాబితాలో ఉన్నదా? ఈ ఏడు మొదటి సంవత్సరం పిల్లలకు ఎన్ని ఇస్తున్నరు? ఈ పథకం, పోస్టుమెట్రిక్ రెండూ ఒకేసారి రావు.

పట్టా తర్వాత

చాలామంది లెక్క మూడేండ్లతో ఆపుతరు. అది తప్పు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు 1961 అడ్వకేట్స్ చట్టంలో రాసినదానికంటె ఒక్క పైసా ఎక్కువ తీసుకోవద్దని తీర్పు చెప్పింది. ఆ చట్టం ప్రకారం జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. ఈ అంకె మన పిల్లలందరికీ నోటికి రావాలె. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. దాంట్లో ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇంకొక తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేండ్లు ప్రాక్టీసు ఉండాలె. అనుభవం లేని జడ్జిలు వద్దన్నది దాని వాదన, అందులో కొంత నిజముంది. కాని ఆ మూడేండ్లు ఎవరి ఇంట్లో తిని బతకాలె? తండ్రి వకీలైతే ఆఫీసుంటది, కేసులుంటయి. మన పిల్లకు సీనియర్ బస్సు కిరాయి ఇస్తే గొప్ప. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సిఫారసే, ఇవ్వకుంటే అడిగే దిక్కు లేదు. షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి శాఖ లా పట్టభద్రులకు ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర మూడేండ్ల శిక్షణ ఇప్పించే పథకం నడుపుతుంది, స్టైపెండు చిన్నదే. అయినా దరఖాస్తు పెట్టాలె. అంటే సీటు లెక్క మూడేండ్లకు కాదు, ఆరేండ్లకు వేసుకోవాలె. కోర్సు మూడు, నిలదొక్కుకోవడం మూడు.

ఇంత కష్టమైతే ఎందుకు?

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడుగుతరు, అడగడం న్యాయమే. మహాడ్ చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు 1927లో మొదలైన కేసు 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచింది. పదేండ్లు. ఆ పదేండ్లు విడవకుండా పట్టుకున్నది అంబేద్కర్ అనే దళిత వకీలు. కోస్తా నుంచి వచ్చి మన పక్కన నిజామాబాద్‌లో వకాలతు చేసిన బొజ్జా తారకం కారంచేడు, చుండూరు బాధితుల పక్షాన నిలబడ్డరు. చుండూరులో నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నది దళితుల పోరాటం. 2007లో అక్కడ శిక్షలు పడ్డయి, 2014లో హైకోర్టు కొట్టివేసింది. గెలిచిన కేసు పైకోర్టులో నిలబడాలంటే పైకోర్టులో కూడా మన మనుషులుండాలె.

అపాయం లేదని మేము చెప్పం. 2020లో మంథని పోలీస్ స్టేషన్‌లో ఒక దళితుడి మరణం మీద హైకోర్టుకు లేఖ రాసిన న్యాయవాది నాగమణిని, ఆమె భర్త గట్టు వామనరావును 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లా కల్వచర్ల దగ్గర పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపినారు. వాళ్లు దళితులు కారు. అయినా దళితుడి చావు గురించి అడిగినారు. అడిగేవాళ్లు ఇద్దరే ఉంటే చంపడం సులువు. ప్రతి మండలం నుంచి పదిమంది ఉంటే అంత సులువు కాదు.

కాబట్టి ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మా విజ్ఞప్తి. జయంతికి దండ వేయడంతో పాటు ప్రతి ఏప్రిల్ 14న మీ ఊళ్లో డిగ్రీ, ఇంటర్ పూర్తయ్యే పిల్లల పేర్లు రాయండి. ఎవరికి కుల, ఆదాయ పత్రాలు లేవో చూడండి. లాసెట్ ఫారానికి 600 లేనివాళ్లకు నలుగురు కలిసి కట్టండి. ఊళ్లో దళిత వకీలుంటే ఆదివారం రెండు గంటలు పాత ప్రశ్నాపత్రాలు చెప్పమనండి.

విద్యార్థులకు చెప్పేది ఇంతే. కన్వీనర్ సీటు, హాస్టల్, హాజరు, పత్రాలు. ఈ నాలుగూ కుదిరితే ర్యాంకు చిన్నదైనా చేరండి. కన్వీనర్ సీటు కాకుండా అప్పు చేసి చేరవలసి వస్తే ఒక ఏడు ఆగి మళ్లీ రాయండి. వయోపరిమితి లేదు కాబట్టి ఏడాది పోయినా సీటు పోదు. అప్పు చేసి చేరి మధ్యలో మానేస్తే మాత్రం ఆ ఇంటి నుంచి ఇంకొక పిల్లను లా చదవమని పంపే ధైర్యం ఎవరికీ ఉండదు.